ఇరవై ఏళ్ళు దాటాక మళ్ళీ బ్లేడ్ రన్నర్ ఆడాను: నా అనుభవం

వెస్ట్‌వుడ్ స్టూడియో వాళ్ళ బ్లేడ్ రన్నర్ గేమ్ 2019 డిసెంబర్ 17న మళ్ళీ అమ్మకానికి వచ్చింది. అసలు ఆ గేమ్ వచ్చింది 1997 నవంబర్‌లో. నేను ఆడింది 1998లో. మళ్ళీ ఒకసారి ఆడాలని 2019 జూన్‌లో పట్టుకున్న పని 2020 ఫిబ్రవరి మధ్యలో తీరింది. ఈ ఎనిమిది నెలల్లో ఏమేం జరిగిందో, డబ్బు ఎక్కడ దండగైందో, ఏ చోట మనసు ఆగిపోయిందో రాస్తున్నాను. గరాజ్‌లోనో అటక మీదో పాత గేమ్ సీడీలు దాచుకున్న నా ఈడు వాళ్ళకి పనికొస్తుంది.

ముందు 1998 సంగతి కొంత చెప్పాలి. వైటూకే (2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, హెచ్1బీ మీద న్యూజెర్సీలో వచ్చిపడ్డ వాళ్ళలో నేనొకణ్ణి. మాది ఖమ్మం. ఎడిసన్‌లో కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో రెండు బెడ్‌రూముల్లో ఆరుగురం ఉండేవాళ్ళం. ప్రాజెక్ట్ దొరికేదాకా బెంచి మీద కూర్చోవడమే. పొద్దున ఫ్యాక్స్‌లో రెజ్యూమెలు పంపడం, మధ్యాహ్నమంతా ఫోన్ దగ్గర కాపలా, సాయంత్రం వంట ఎవరి వంతని వాదులాట. మా అందరికన్నా ముందు గుంటూరు కుర్రాడికి ప్రాజెక్ట్ వచ్చింది. మొదటి జీతంతో గేట్‌వే కంప్యూటర్ కొన్నాడు, ఆవు మచ్చల అట్టపెట్టెలో వచ్చేదే, అది. తర్వాత మెన్లో పార్క్ మాల్‌లో ఈ గేమ్ డబ్బా కనబడింది. నలభై డాలర్లు. డాలర్‌ని 42తో గుణించుకుని డబ్బా అరలో పెట్టేశాం. పార్కింగ్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, చందాలేసుకుని కొన్నాం.

డబ్బాలో నాలుగు సీడీలు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తే చాలు, ఆ సీడీ తీసి ఈ సీడీ పెట్టమనేది. కథంతా 2019 నవంబర్‌లో, లాస్ ఏంజెలెస్‌లో. 1982లో ఇదే పేరుతో వచ్చిన సినిమా ప్రపంచమే, కానీ కథ వేరు, హీరో వేరు. రే మెక్‌కాయ్ అనే కొత్త పోలీసు, మనుషుల్లో కలిసిపోయిన రెప్లికెంట్లని, అంటే అచ్చం మనుషుల్లా తయారుచేసిన కృత్రిమ జీవుల్ని, వెతికి పట్టుకోవాలి. సినిమా మాలో ఎవరూ చూడలేదు. అసలు చిక్కు అది కాదు. గేమ్‌లో సబ్‌టైటిళ్ళు లేవు! మాకందరికీ ఇంగ్లిష్ చదవడం రాయడం బ్రహ్మాండంగా వచ్చు. కానీ దిగి నెలలు కూడా కాలేదు. ఎడతెగని వాన, వెనక సంగీతం, ఆ హోరులో బొంగురు గొంతుతో మాటలు మింగేసే మనుషులు. ఒక్క డైలాగ్‌కి ముగ్గురం మూడు అర్థాలు చెప్పేవాళ్ళం. మాలో పెద్దవాడు నెల్లూరాయన. అందరం అన్నా అనేవాళ్ళం. ఆయన నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఆడేవాడు.

మెక్‌కాయ్ ఎదుటివాళ్ళతో ఎలా మాట్లాడాలో ముందే ఎంచుకోవచ్చు: మర్యాదగా, మామూలుగా, కటువుగా, తిక్కతిక్కగా. గుంటూరు కుర్రాడు ఎప్పుడూ కటువే. అన్న వచ్చి కుర్చీలో కూర్చోగానే మర్యాదకి మార్చేసేవాడు. "ఎందుకన్నా, వాడు దొంగ వెధవ" అంటే, "అయితే మాత్రం, మనం మర్యాదగా అడిగితే పోయేదేముంది?" అనేవాడు.

లూసీ అని ఒక పద్నాలుగేళ్ళ పిల్ల ఉంటుంది. జంతువుల కొట్టులో పనిచేస్తుంటుంది. కథ మొదలయ్యేదే ఆ కొట్టులో జంతువుల్ని చంపేయడంతో. తర్వాతెప్పుడో ఆ పిల్ల మెక్‌కాయ్‌ని చూసి పారిపోతుంది. తుపాకీ చేతిలో ఉంది, ఎదురుగా పిల్ల ఉంది. కాల్చాలా వద్దా అన్నది మనిష్టం. ఆ రాత్రి గుంటూరు కుర్రాడు మౌస్ పట్టుకుని ఉన్నాడు. అన్న గబుక్కున అతని చెయ్యి పట్టేసుకున్నాడు. "ఒరే, పిల్లరా. వదిలెయ్." అన్న భార్య, కూతురు అప్పుడు నెల్లూరులో ఉన్నారు, వీసా కోసం చూస్తూ. ఎవరం మాట్లాడలేదు. వదిలేశాం.

గేమ్ అయిపోయాక కూడా ఒక వాదన మిగిలిపోయింది. లూసీ మనిషా, రెప్లికెంటా? డైలాగులు సగమే అర్థమయ్యాయి కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళం. గెస్ట్‌హౌస్ ఖాళీ అయ్యి తలా ఒక ఊరు వెళ్ళిపోయాక కూడా, ఫోన్ చేసుకుంటే ఏదో ఒక వంకన ఆ మాట వచ్చేది. ఇన్నేళ్ళ తర్వాత నేను దీని వెంట పడటానికి అసలు కారణం అదే.

ఇక అసలు సంగతి. 2019 జూన్‌లో స్కమ్‌వీఎమ్ వాళ్ళు బ్లేడ్ రన్నర్‌ని పరీక్షించి చూడమని ప్రకటించారు. పాత అడ్వెంచర్ గేమ్‌లు ఇప్పటి కంప్యూటర్లలో ఆడేలా చేసే ఉచిత ప్రోగ్రామ్ అది. స్టూడియో లాస్ వేగాస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి మారినప్పుడు ఈ గేమ్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రతి) పోయిందని అక్కడ పనిచేసినవాళ్ళే చెప్పారు. వెస్ట్‌వుడ్‌ని ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ 1998లో కొనేసింది, 2003లో మూసేసింది. మిగిలింది సీడీలో ఉన్న ప్రోగ్రామ్ ఒక్కటే. ఆ స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని విప్పి, ఏది ఎలా పనిచేస్తుందో కనిపెట్టి, ఇంజన్ మొత్తం మళ్ళీ రాశారు. దాదాపు ఎనిమిదేళ్ళ పని. వైటూకే రోజుల్లో సోర్స్ కనబడని ప్రోగ్రాములు నాకూ తగిలాయి. మెయిన్‌ఫ్రేమ్‌లో అది నడుస్తూనే ఉంటుంది, లోపల ఏముందో చెప్పే నాథుడుండడు. రెండు అంకెల సంవత్సరాన్ని నాలుగు చేయడానికే మాకు ప్రాణం మీదకొచ్చేది. అందుకే ఈ వార్త చదవగానే వాళ్ళకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

సీడీలు నా దగ్గరే ఉన్నాయి. గుంటూరు కుర్రాడు డాలస్ వెళ్తూ డబ్బా నాకిచ్చి వెళ్ళాడు. మధ్యలో ఒకసారి వాటితోనే ఆడదామని చూశాను కానీ, 64-బిట్ విండోస్‌లో పాత ఇన్‌స్టాలర్ తెరుచుకోనే లేదు. ఈసారి ఇన్‌స్టాలర్‌తో పని లేదు, సీడీల్లోని ఫైళ్ళు ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే చాలన్నారు. నా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. యూఎస్‌బీతో తగిలించుకునే డ్రైవ్ తెప్పించాను, 28 డాలర్లు. రెండు రోజుల్లో వచ్చింది.

కాపీ చేసేవాళ్ళకి ఒక మాట. నాలుగు సీడీల్లోనూ సీడీఫ్రేమ్స్ అనే ఫైల్ ఒకే పేరుతో ఉంటుంది. ఒక్కోదాన్ని కాపీ చేయగానే పేరు చివర 1, 2, 3, 4 అని చేర్చాలి. లేకపోతే రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది.

మొదటి సీడీ నిక్షేపంలా ఎక్కింది. రెండోదీ అంతే. మూడోది సగం దాకా వెళ్ళి అక్కడే గిర్రున తిరగడం మొదలెట్టింది. డ్రైవ్ ఊపిరాడనట్టు చప్పుడు చేసి ఎర్రర్ చూపించింది. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే గీతలేమీ లేవు, అంచు దగ్గర పై పూత మాత్రం కాస్త మసకబారింది. సీడీలు పాలిష్ చేసే కొట్టుకి తీసుకెళ్ళాను. ఐదు డాలర్లు తీసుకున్నారు, ఫలితం లేదు. పాడైంది పై పూతయితే కింద ఎంత రుద్దినా లాభం ఉండదని అక్కడే తెలిసింది.

జూలైలో ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పాత కాపీ ఆర్డర్ చేశాను, 35 డాలర్లు. అన్ని సీడీలూ ఉన్నాయని రాశారు. దాదాపు మూడు వారాలకి వచ్చింది. తెరిచి చూస్తే రెండో సీడీ రెండు ఉన్నాయి, మూడోది లేదు. ఉసూరుమనిపించింది. తిప్పి పంపి డబ్బులు వెనక్కి రాబట్టేసరికి ఆగస్ట్ అయిపోయింది. పోస్టేజీ నా నెత్తినే పడింది.

అక్టోబర్‌లో స్కమ్‌వీఎమ్ 2.1 వచ్చింది, అందులో బ్లేడ్ రన్నర్ పక్కాగా చేరింది. నా దగ్గర మూడో సీడీ మాత్రం లేదు. నవంబర్ వచ్చింది, పోయింది. గేమ్‌లో కథ నడిచే నెల అదే. ఆ నెలలో ఆడాలని ఎంత ఆశపడ్డానో! థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఇంట్లోవాళ్ళతో కలిసి సినిమా చూసి సరిపెట్టుకున్నాను.

డిసెంబర్ 17న ఆఫీసులో ఉండగా డాలస్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్: "మామా, వచ్చేసింది." కింద జీవోజీ లింక్, పాత గేమ్‌లు డౌన్‌లోడ్‌కి అమ్మే సైట్ అది. స్కమ్‌వీఎమ్ వాళ్ళు చేసిన పనినే హక్కులున్నవాళ్ళతో మాట్లాడుకుని చట్టబద్ధంగా అమ్మకానికి పెట్టారు. ఇన్నేళ్ళలో డిజిటల్‌గా అమ్మడం ఇదే మొదటిసారి. పది డాలర్ల లోపే. ఇంటికి రాగానే కొన్నాను. అన్నం తిని లేచేసరికి డౌన్‌లోడ్ అయిపోయింది. సీడీ అక్కర్లేదు, ఫైళ్ళ పేర్లు మార్చక్కర్లేదు, సీరియల్ నంబర్ అక్కర్లేదు. కాసేపు దాన్ని తెరవకుండా అలా చూస్తూ కూర్చున్నాను. ఆరు నెలలు దేనికోసం తిరిగానో అది ఇంత సులువుగా వస్తే సంతోషంతో పాటు ఏదో వెలితి కూడా ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక రెండు గేమ్‌లు కనబడతాయి. ఒకటి 1997లో వచ్చింది వచ్చినట్టుగా. రెండోది అప్పట్లో కోసేసిన డైలాగులూ సన్నివేశాలూ మళ్ళీ కలిపింది. పాత ఆటగాళ్ళు మొదటిదే ముందు ఆడండి. రెండోది కొత్త సంగతులు చెప్తుంది కానీ, గుర్తున్న చోట గుర్తున్నట్టు ఉండదు.

తెరవగానే పెద్ద మానిటర్‌లో రెండు పక్కలా నల్ల పట్టీలు, మధ్యలో చదరంగా బొమ్మ. అప్పటి 640 బై 480 అంతే మరి. మనుషులు దగ్గరికొస్తే మొహాలు తెలియవు. మా ఆవిడ చూసి, "ఏవండీ, ఏంటీ మనిషి, ఇటుకలు పేర్చి కట్టినట్టున్నాడు?" అంది. అప్పుడు చాలా కంప్యూటర్లలో 3డీ కార్డులు లేవు. కార్డు అవసరం లేకుండా మనుషులు కదలాలని వెస్ట్‌వుడ్ వాళ్ళు వాక్సెల్స్ అనే పద్ధతి, చిన్న చిన్న ఘనాలతో బొమ్మ కట్టడం, పట్టుకున్నారు. నాకు 1998లో ఇవి కనబడలేదు. పదిహేను అంగుళాల గాజు మానిటర్ ఆ గరుకుదనాన్ని దాచేసేదనుకుంటాను. తెర మీద గేమ్ విండోని చిన్నది చేసి ఆడితే చాలావరకు సర్దుకుంది. ఇది మాత్రం ముందే తెలిసి ఉంటే బాగుండేది.

వెనక దృశ్యాలు మాత్రం చెక్కు చెదరలేదు. పొగలు కక్కే నూడుల్స్ కొట్టు, నియాన్ దీపాల కింద తడిసిన వీధి, ఎక్కడో పైన ఎగిరే పోలీసు వాహనం, ఎప్పుడూ ఆగని వాన. మెక్‌కాయ్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి, కుక్క మ్యాగీకి తిండి పెట్టి, బాల్కనీలోకి నడిపించాను. కింద నగరం, సన్నగా ఆ సంగీతం. సినిమాలో వాంగెలిస్ చేసిన సంగీతం అసలు టేపులు లేకుండా, గేమ్ సంగీతకారుడు ఫ్రాంక్ క్లెపాకీ విని విని మళ్ళీ వాయించింది అది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసేపు మెక్‌కాయ్‌ని కదల్చకుండా అక్కడే నిలబెట్టాను. గెస్ట్‌హౌస్‌లో ఈ బాల్కనీ దగ్గరికి రాగానే, "కాసేపు ఉంచండ్రా" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఇంటికి ఉత్తరాలు రాసుకునేవాడు రాసుకునేవాడు, పడుకునేవాడు పడుకునేవాడు.

అన్నిటికన్నా పెద్ద మార్పు సబ్‌టైటిళ్ళు. అసలు గేమ్‌లో లేనివి ఇప్పుడు జోడించారు. సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. మొదటి అరగంటలోనే నాకు తల తిరిగిపోయింది. లెఫ్టినెంట్ గుజ్జా మెక్‌కాయ్‌ని ఎంత చులకనగా మాట్లాడతాడో ఇప్పుడు తెలిసింది. మేం ఆయన్ని కాస్త కోపిష్టి అయినా మంచి ఆఫీసరనుకున్నాం. వంటవాడు జూబెన్ పారిపోయినప్పుడు వెంటపడి పట్టుకునే చోట కూడా, వాడి మాటలు చదివాక తుపాకీ దించేశాను. అది పోలీసు మెక్‌కాయ్ చేయాల్సిన పని కాదు. కానీ గేమ్ ఒప్పుకుంటుంది. కథ ఆ దారినే సాగుతుంది.

ఎస్పర్ మిషన్ గురించి చెప్పకపోతే నాకే తృప్తి ఉండదు. దొరికిన ఫొటోని అందులో పెట్టి, చిన్న చతురస్రం గీస్తే, టకటకమంటూ ఆ భాగం దగ్గరికొస్తుంది. ఇంకా గీస్తే ఇంకా లోపలికి. ఫొటోలో ఒక మూల మసకగా ఉన్నది పెద్దదవుతూ పెద్దదవుతూ మొహమవుతుంది. అప్పుడు మిషన్ చిన్న చప్పుడు చేసి దాన్ని సాక్ష్యంగా జమ చేస్తుంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అటుగా పోతూ ఆగి, "నాన్నా, ఆ పక్కన జూమ్ చెయ్యి" అంది. ఇంతలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు నుంచి శనాదివారాలు మేమిద్దరం కలిసి ఆడాం.

మాటతీరు ఏది పెట్టాలో తననే ఎంచమన్నాను. మర్యాదగా మాట్లాడటమే ఎంచింది. నెల్లూరు అన్న సంగతేమీ నేను చెప్పలేదు.

జనవరి చివర్లో లూసీ పారిపోయే చోటికి వచ్చాం. అమ్మాయి తెర వంక చూసి, "తనది నా వయసే కదా నాన్నా" అంది. మౌస్ నా చేతిలో ఉంది. ఆ మాటతో, 1998లో నెల్లూరు అన్న గుంటూరు కుర్రాడి చెయ్యి ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నాడో ఒంటికి తెలిసింది. అప్పుడు మిగతా అందరం పెళ్ళికాని వాళ్ళం. ఆ గదిలో ఆడపిల్ల తండ్రి ఆయనొక్కడే. ఈసారీ వదిలేశాం. తర్వాత కథలో తేలిందేమంటే, లూసీ రెప్లికెంట్.

ఇరవై ఏళ్ళ వాదన తేలిపోయిందని ఎగిరి గంతేశాను. ఆ ఆదివారం పొద్దున్నే నెల్లూరుకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. అన్న అమెరికా వదిలేసి వెళ్ళి చాలా ఏళ్ళయింది, ఆయన కూతురికి ఇప్పుడో కొడుకు. "అన్నా, లూసీ రెప్లికెంటే" అన్నాను. కాసేపు ఆలోచించి, "అప్పుడు కూడా రెప్లికెంటేనంటావా?" అని అడిగాడు.

అక్కడ దొరికిపోయాను. ఎందుకంటే ఈ గేమ్ ప్రతిసారీ కొత్తగా కలుపుతుంది. లూసీ, క్లబ్‌లో నాట్యం చేసే డెక్టోరా, హాస్యం చెప్పే గోర్డో, వీళ్ళు ఒక ఆటలో మనుషులు, ఇంకో ఆటలో రెప్లికెంట్లు. మొదలుపెట్టినప్పుడే గేమ్ లోపల నిర్ణయించేసుకుంటుంది. చివరికి మెక్‌కాయ్ సంగతి కూడా అనుమానమే. పైగా మన కోసం ఎవరూ ఆగరు, వాళ్ళ దారిన వాళ్ళు తిరుగుతుంటారు, మనం ఆలస్యంగా వెళ్తే జరగాల్సింది జరిగిపోతుంది. కాబట్టి ఇప్పటి లూసీ ఎవరైతే అప్పటి లూసీ కూడా అదేనని చెప్పలేం. మా ఆట సేవ్ అయి ఉన్నది ఆ గేట్‌వే కంప్యూటర్‌లో. అది ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. పాత గేమ్ కొనుక్కుంటే పాత ఆట తిరిగొస్తుందనుకున్నాను. గేమ్ వచ్చింది, ఆట రాలేదు. ఆ పూట చాలా బాధేసింది. అన్న మాత్రం నవ్వి, "ఎవురైతే ఏందిరా, పిల్ల బతికింది గదా" అన్నాడు.

ఆ తర్వాత ఆట కాస్త కష్టపెట్టింది. నాలుగో అంకంలో మెక్‌కాయ్‌నే పోలీసులు వెంటాడతారు, మురుగు సొరంగాల్లో ఎలుకలు మీదపడతాయి. అక్కడ చచ్చి వెనక్కి వెళ్ళడం విసుగు. ప్రతి గదిలో సేవ్ చేసుకోండి. ఫిబ్రవరి మధ్యలో పూర్తయింది. మా అమ్మాయి ఎంచిన ముగింపులో మెక్‌కాయ్, లూసీ కలిసి ఊరు వదిలి వెళ్ళిపోయారు.

ఖర్చు లెక్క చెప్పాలంటే, డ్రైవ్‌కి 28, పాలిష్‌కి 5, తిప్పి పంపిన పోస్టేజీ, చివరికి గేమ్‌కి పది లోపు. కొత్తగా ఆడేవాళ్ళకి ఆ చివరిది చాలు. సీడీలున్నవాళ్ళు ముందు నాలుగూ చదువుతున్నాయో లేదో చూసుకున్నాకే డ్రైవ్ మీద డబ్బు పెట్టండి.

డాలస్ కుర్రాడు కూడా కొన్నాడు. వాడికిప్పుడు యాభై దగ్గర పడుతోంది, మాటతీరు మాత్రం ఇంకా కటువే పెట్టాడట. వాడి ఆటలో లూసీ మనిషి.

తా.క. (2022 జూన్ చివర): ఈ నెల 23న ఈ గేమ్ కొత్త హంగులతో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌గా వచ్చింది. వచ్చిన రోజే జీవోజీలో పాతదాన్ని విడిగా అమ్మడం ఆపేశారు. బొమ్మ నున్నగా చేయబోయి మసకబార్చారని, పాతదే నయమని చాలామంది గొడవ చేశాక, కొద్ది రోజుల్లోనే పాతది విడిగా మళ్ళీ పెట్టారు. కొనేవాళ్ళు స్కమ్‌వీఎమ్‌తో నడిచే పాత వెర్షన్ వస్తోందో లేదో చూసి కొనండి. నేను ఆడింది అదే.